ఆ ఒక్క పిండానికి తొందర లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు, మావారికి 41. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఈ రెండేళ్ళలో ఐవీఎఫ్ కోసం రెండుసార్లు అండాలు తీశారు, మూడుసార్లు పిండాలు పెట్టారు. మొదటి రెండుసార్లు నిలవలేదు. మూడోసారి గర్భం తెలిపే రక్తపరీక్ష (బీటా) పాజిటివ్ వచ్చింది. ఏడో వారం స్కానింగులో గుండె చప్పుడు లేదన్నారు. అది జరిగి ఐదు వారాలు. అండాల నిల్వ చెప్పే రక్తపరీక్షలో నా ఏఎంహెచ్ 0.8. ఇంకొక్క పిండం ఫ్రీజ్ చేసి ఉంది. వచ్చే నెల 14న రమ్మన్నారు. అదీ నిలవకపోతే దాత అండాలకు వెళ్ళడం మంచిదని, ఆలస్యం చేస్తే వయసు దాటిపోతుందని చెబుతున్నారు. ఇప్పటికి తొమ్మిది లక్షలయ్యాయి, నా నగలు బ్యాంకులో ఉన్నాయి. మావారిని అడిగితే "నీ ఇష్టం" అంటారు. పిండం పెట్టిన రెండో రోజే బడికి వెళ్ళి రెండంతస్తుల మెట్లెక్కాను కాబట్టే పోయిందని అత్తగారి బాధ. నాకూ అదే అనుమానం. పొద్దున్నే లేవాలనిపించడం లేదు. వచ్చే నెల 9న ఆడపడుచు సీమంతం. వెళ్ళకపోతే కుళ్ళు అంటారు. మళ్ళీ ప్రయత్నించమంటారా, ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు మెట్ల సంగతి తేల్చేద్దాం. మిగిలినవన్నీ తరువాత.

గర్భసంచి మనం ఊహించుకునేటట్టు ఖాళీగా వేలాడే సంచి కాదు. దాని ముందు గోడ, వెనుక గోడ ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఆ మెత్తని పొరల నడుమ పెట్టే పిండం కంటికి ఆననంత చిన్నది. నువ్వుల ఉండను చేతిలో పట్టుకొని రెండంతస్తులు ఎక్కితే లోపలి నువ్వుగింజ జారి పడిపోతుందా? పిండం పెట్టాక మంచం దిగకుండా పడుకున్న వాళ్ళనూ, లేచి తమ పనులు చేసుకున్న వాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలు ఉన్నాయి. పడుకున్నందువల్ల ఒరిగిందేమీ లేదు. పైగా మీకు ఆ పిండం నిలిచింది కదా. ఏడో వారం దాకా సాగింది కదా. రెండో రోజు ఎక్కిన మెట్లు వారాల తరబడి ఓపిక పట్టి అప్పుడు పగ తీర్చుకోవు.

తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా క్రోమోజోముల లెక్క తప్పినవే. ఆ లెక్క చాలావరకు అండం తయారయ్యే దశలోనే, అంటే పిండం మీ కడుపులోకి రాకముందే తప్పి ఉంటుంది. దానికి బొప్పాయితో, బస్సు కుదుపుతో, ఎవరి దిష్టితోనూ సంబంధం లేదు. "టెన్షన్ పడ్డావు, అందుకే" అనేవాళ్ళు కూడా మీకు తగిలే ఉంటారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 అధ్యయనాలను కలిపి, 3,583 మంది స్త్రీల వివరాలతో ఒక విశ్లేషణ వచ్చింది. చికిత్సకు ముందు ఎంత దిగులుగా ఉన్నారన్నదానికీ, గర్భం నిలవడానికీ సంబంధం కనిపించలేదని అది తేల్చింది. కాబట్టి మీరు ఏడ్చినందుకు పోలేదు, ఏడవకుండా ఉంటే నిలిచేదీ కాదు. ఈ సంగతి మీ అత్తగారికి మీరు చెప్పవద్దు, మీవారితో చెప్పించండి. కొడుకు నోట వస్తే ఆ మాట బరువే వేరు.

ఇక పొద్దున్నే లేవాలనిపించకపోవడం. మన ఇళ్ళలో చావుకు పదకొండు రోజుల తంతు ఉంటుంది. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, వండి తెచ్చేవాళ్ళు ఉంటారు. ఏడో వారంలో పోయినదానికి ఏమీ లేదు. నెల తప్పిన సంగతే ఎవరికీ చెప్పి ఉండరు, పోయిందని ఎవరికి చెబుతారు? పలకరించడానికి ఎవరు వస్తారు? పైగా అన్ని వారాలు వాడిన హార్మోన్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. మనసు అడుగుకు వెళ్ళడానికి ఒంట్లోనూ కారణం ఉంది. అయినా ఐదు వారాలకు కొద్దికొద్దిగానైనా తేరుకోవాలి. తేరుకోకపోగా నిద్ర, తిండి రెండూ చెడినా, బతకడం దేనికన్న ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా ఆ రోజే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

నా సంగతి ఒకటి చెప్పనివ్వండి. 2007లో నాకూ ఇలాగే జరిగింది, ఎనిమిదో వారంలో. ఆ రోజు ఇచ్చిన స్కానింగ్ కాగితాన్ని తెచ్చి కరెంటు బిల్లుల ఫైలులో పెట్టాను. అక్కడే ఎందుకు పెట్టానంటే నాకే తెలియదు. చింపడానికి చేతులు రాలేదు, దేవుడి గదిలో పెట్టడానికి మనసొప్పలేదు. నాలుగేళ్ళ తరువాత ఇల్లు మారుతూ తీసి చూస్తే తెల్ల కాగితం మిగిలింది. ఆ కాగితాల మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది, కొన్నేళ్ళకు వెలిసిపోతుంది. మీ దగ్గరా ఒకటి ఉంటే ఇవాళే ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. చూడాలని కాదు. ఉంచుకోవాలా వద్దా అన్నది మీరు తేల్చాలి గానీ ఆ కాగితం తేల్చకూడదు.

ఇప్పుడు 14వ తేదీ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇదే.

"ఆలస్యం చేస్తే వయసు దాటిపోతుంది" అన్నారు. ఆ మాట ఒకదాని విషయంలో నిజం, ఇంకొకదాని విషయంలో కాదు. కొత్తగా అండాలు తీయాలంటే మీ వయసు లెక్కకు వస్తుంది. ఏఎంహెచ్ 0.8 అంటే మిగిలిన అండాల సంఖ్య మీ వయసుకు తక్కువని అర్థం. అది సంఖ్యను చెబుతుంది గానీ నాణ్యతను చెప్పదు. నాణ్యత ప్రధానంగా వయసును బట్టి ఉంటుంది. కానీ ఫ్రీజ్ చేసిన పిండానికి వయసు రాదమ్మా. అండం తీసిన రోజు మీకు ఎన్నేళ్ళో, ఆ పిండం ఇవాళా అదే వయసులో ఉంది, వచ్చే ఉగాదికీ అదే వయసులో ఉంటుంది. మన చట్టం పిండాలను పదేళ్ళ దాకా భద్రపరచనిస్తుంది. మీరు కట్టవలసింది నిల్వ ఛార్జీ మాత్రమే. అంటే వచ్చే నెల 14న మీరు వెళ్ళి తీరాలన్న తొందర ఆ పిండానికి లేదు. మరి ఎవరికి ఉందో నేను రాయను.

రెండు మూడు నెలలు ఆగినందువల్ల కొత్త అండాల విషయంలోనూ పెద్ద తేడా రాదు. రెండేళ్ళు ఆగితే వస్తుంది. కాబట్టి మూడు నెలలు తీసుకోండి. ఆ మూడు నెలలు చేతులు ముడుచుకొని కూర్చోమని కాదు, ఇప్పటిదాకా జరగని పనులు కొన్ని జరగాలి.

మొదటిది కాగితాలు. క్లినిక్‌ను మీ పూర్తి రికార్డు అడగండి. ఏ రోజు ఏ ఇంజెక్షన్ ఎంత మోతాదు, ఎన్ని అండాలు తీశారు, వాటిలో ఎన్ని పక్వమైనవి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఎన్ని ఐదో రోజు దాకా వచ్చాయి, ఏ గ్రేడు, పెట్టిన రోజు గర్భసంచి పొర మందం ఎంత, అన్నీ అందులో ఉండాలి. బిల్లులు, ఒక పేజీ సారాంశం చేతికిచ్చి ఇంతే అంటే ఒప్పుకోవద్దు. రోగి రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి నియమావళి 2002 నుంచీ చెబుతోంది. మొహమాటం వద్దు. తొమ్మిది లక్షలు కట్టినప్పుడు వాళ్ళు మొహమాటపడలేదు కదా.

రెండోది, ఆ కాగితాలతో ఇంకొక డాక్టరు దగ్గర కూర్చోవడం. వీలైతే ఐవీఎఫ్ అమ్ముకోవలసిన అవసరం లేని డాక్టరు అయితే మరీ మంచిది. బోధనాసుపత్రి ప్రసూతి విభాగంలో సీనియర్ ప్రొఫెసర్ లాంటి వారు. వారిని అడగవలసింది "నాకు పిల్లలు పుడతారా" అని కాదు. దానికి ఎవరూ నిజాయితీగా జవాబు చెప్పలేరు. "ఇంతవరకు ఏం చూడలేదు?" అని అడగండి. లోపలికి కెమెరా పంపి గర్భసంచిని చూశారా? పాలిప్, లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్, అడ్డుపొర లాంటివి లేవని తేలిందా? ఫెలోపియన్ గొట్టాలలో నీరు చేరి ఉందా? ఆ నీరు గర్భసంచిలోకి దిగితే పిండం నిలవడం కష్టం, ముందు ఆ గొట్టానికి వైద్యం చేసి తరువాత పిండం పెడతారు. థైరాయిడ్, చక్కెర? మన దేశంలో గర్భసంచికి వచ్చే క్షయను మరవకూడదు. దగ్గు లేకుండా, జ్వరం లేకుండా, ఏ గుర్తూ లేకుండా అది గొట్టాలను, పొరను పాడుచేస్తుంది. మీ ఇద్దరి క్రోమోజోముల పరీక్ష జరిగిందా?

ఇక మీవారు. ఉత్తరమంతా మీ ఏఎంహెచ్, మీ వయసు, మీ మెట్లు. ఆయన గురించి ఒక్క నివేదిక లేదు. మొదట్లో ఒకసారి వీర్య పరీక్ష చేసి "బాగుంది" అని ఉంటారు, అక్కడితో ఆయన పని అయిపోయి ఉంటుంది. ఇది ఈ ఒక్క క్లినిక్ తీరు కాదు, దేశమంతటా ఇదే తంతు. మళ్ళీ చేయించండి. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాల శాతం చూసే పరీక్ష ఒకటి ఉంది, మీలాంటి సందర్భంలో అవసరమా అని కొత్త డాక్టరును అడగండి. సిగరెట్, గుట్కా, ఖైనీ, మద్యం ఏది ఉన్నా ఈ మూడు నెలలు మానాలి. కొత్త వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నెలలు పడుతుంది. మూడు నెలలు అన్నది నేను ఊరికే వేసిన లెక్క కాదు.

ఆ కొత్త చోట కూడా, పాత చోట కూడా ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. నిలవలేదనగానే ఒక పట్టిక తీస్తారు. గర్భసంచి పొరను గీరడం, పొర ఏ గంటకు సిద్ధమో చెప్పే ఖరీదైన పరీక్ష, ఇమ్యూనిటీ తగ్గించే కొవ్వు సెలైన్లు. ఒక్కొక్కదానికీ వేలల్లో తీసుకుంటారు. పొర గీరడం ఉపయోగం లేదని 2019లోనే 1,364 మంది స్త్రీలతో చేసిన పెద్ద పరీక్షలో తేలింది. మిగిలిన రెండింటినీ అందరికీ చేయమని చెప్పడానికి ఆధారం లేదు. పుండు మీద ఉన్నవాళ్ళకు ఏ మందు చూపించినా కొంటారు. మీరు మాత్రం ఒక్క ప్రశ్న వేయండి. "ఇది చేయించుకున్నవాళ్ళకు, చేయించుకోనివాళ్ళ కన్నా ఎక్కువ మంది పిల్లలు పుట్టారా?" జవాబు మాటల్లో కాకుండా కాగితం మీద ఇమ్మనండి.

డబ్బు గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే చెప్పవలసింది ఒక్కటే. ఫ్రీజ్ చేసిన పిండాన్ని పెట్టించుకోవడానికి అయ్యే ఖర్చు, అండాలు తీయడం దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టే ఖర్చులో చిన్న వంతు. ఆ రెండింటినీ ఒకే నిర్ణయంగా చూడకండి. ఉన్న పిండం వరకు ఒక నిర్ణయం, ఆపైన ఇంకొకటి. ఆపైన దానికి ఇంత మొత్తం అని ముందే అంకె రాసుకోండి. నగలు విడిపించే తేదీ కూడా అదే కాగితం మీద రాయండి. పొలం, ఇల్లు, భవిష్య నిధి ఆ కాగితం మీదికి రాకూడదు. బీటా వచ్చే రోజు సాయంత్రం ఎవరూ లెక్కలు వేయలేరు. ఆ రోజుకు లెక్క ముందే వేసి ఉండాలి.

అంకెల గురించి ఒక మాట. బ్రిటన్‌లో ప్రతి క్లినిక్ ఫలితాలనూ ప్రభుత్వ నియంత్రణ సంస్థ నమోదు చేసి ప్రకటిస్తుంది. అక్కడ 35 లోపు స్త్రీలలో కూడా ఒక్కో పిండం పెట్టినప్పుడు బిడ్డ చేతికి వచ్చేది దాదాపు మూడింట ఒక వంతు సార్లే. 43 దాటాక సొంత అండాలతో అది 5 శాతం దరిదాపులకు పడిపోతుంది. అంటే బాగా కలిసొచ్చే వయసులో కూడా నిలవకపోవడమే ఎక్కువ. మన ఊళ్ళ హోర్డింగుల మీద 70 శాతం, 80 శాతం అని కనిపించేవి బిడ్డల లెక్కలా, పాజిటివ్ వచ్చిన లెక్కలా అని అడగండి. మీ మూడోది కూడా వాళ్ళ లెక్కలో "సక్సెస్" కిందే పడి ఉండవచ్చు.

దాత అండాల మాట. అది చెడ్డ సలహా అనను. అండం వయసు ముఖ్యం కాబట్టి, పడుచు దాత అండంతో అవకాశం పెరిగేది నిజం. కానీ మీ సొంత పిండం ఇంకా ఫ్రీజర్‌లో ఉండగానే ఆ మాట ఎత్తడం తొందరపాటు. సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. ఆమె ఎవరో మీకు చెప్పరు. పుట్టిన బిడ్డ అన్ని హక్కులతో మీ బిడ్డే. చట్టం తేల్చనిది ఒకటి మిగులుతుంది. ఆ బిడ్డకు ఈ సంగతి చెబుతారా, ఎప్పుడు చెబుతారు, మీ అత్తగారికి చెబుతారా? "ఎవరికీ తెలియదులే" అన్న ధైర్యంతో మాత్రం సంతకం పెట్టకండి. ఇరవై ఏళ్ళ తరువాత ఆ బిడ్డ వెయ్యి రూపాయలు పెట్టి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోలేని కాలం ఉండదు.

సరోగసీ, అంటే అద్దె గర్భం, మీ ప్రశ్నలో లేదు, కానీ ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. దానికి తగిన వైద్య కారణం ఉందని ధ్రువీకరిస్తే తప్ప చట్టం ఒప్పుకోదు. డబ్బిచ్చి చేయించుకోవడం నేరం. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుండే ఉంటుంది. సరోగసీ ద్వారా మీ బిడ్డే అని నమ్మించి లక్షలకు లక్షలు తీసుకొని ఒక జంట చేతిలో ఒక పసివాడిని పెట్టారు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే వాళ్ళిద్దరికీ ఆ పిల్లవాడికీ సంబంధమే లేదు. ఆ జంట అత్యాశాపరులు కారు. మీలాగే అలిసిపోయినవాళ్ళు. "బిడ్డను ఇప్పిస్తాం" అని ఎవరు ఫోను చేసినా పెట్టేయండి.

దత్తత గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. ఇష్టం లేక రాయలేదో, ఇంట్లో ఎవరూ ఎత్తనివ్వక రాయలేదో నాకు తెలియదు. అయినా ఒక లెక్క చెబుతాను, పక్కన పెట్టుకోండి. కేంద్ర దత్తత సంస్థ 'కారా' నిబంధనల్లో, రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 85 మించకూడదు. మీ 36, ఆయన 41 కలిపితే 77. మీ ఇద్దరికీ ఏటా చెరొక ఏడు పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క ఏటా రెండు చొప్పున పెరుగుతుంది. నాలుగేళ్ళలో 85కు చేరుతుంది, ఆ తరువాత గడువు దాటుతుంది. చిన్న పిల్లల కోసం నిరీక్షణే మూడేళ్ళకు పైగా ఉంటోంది. వయసును నమోదు చేసుకున్న తేదీని బట్టి చూస్తారు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకైతే 90 దాకా, అంతకన్నా పెద్ద పిల్లలకైతే ఇంకా పైదాకా వీలుంటుంది.

చూశారా, గడియారం నిజంగా తిరుగుతున్నది ఇక్కడ. ఫ్రీజర్‌లో ఉన్న పిండానికి తొందర లేదు. ఎవరూ గుర్తుచేయని ఈ వరుసకు ఉంది. ఐవీఎఫ్ నడుస్తుండగా నమోదు చేసుకోకూడదన్న నిబంధన లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళితే దారి చూపిస్తారు. అలాగని ఓటమికి ఊరడింపుగా మాత్రం ఆ వరుసలో నిలబడకండి. పోయిన బిడ్డ జాగాలో కూర్చోబెట్టడానికి వచ్చే పిల్ల కాదు ఆమె. మీ వరుస వచ్చేసరికి మూడేళ్ళుంటాయి కదా, అప్పటికి మనసు సిద్ధం కాకపోతే వద్దనవచ్చు. ఇవాళ నమోదు చేసుకోకపోతే అప్పుడు వద్దనే అవకాశం కూడా ఉండదు.

ఆపేయడం. దాన్ని మీరు ఓటమి అనుకుంటున్నారేమో. నేను ఆపేశాను. రెండుసార్ల తరువాత, 2009లో. అప్పుడు నాకు 38. ధైర్యంతో ఆపలేదు, డబ్బులయిపోయి ఆపాను, ఆ సంగతి దాచను. మొదటి ఏడాది శ్రావణ మాసం పేరంటాలంటే తలనొప్పి అని పడుకునేదాన్ని. రెండో ఏడాది ఒక పేరంటానికి వెళ్ళి వాయనం తెచ్చుకొని, శనగలు నానబెట్టుకొని వడలు వేసుకొని తిన్నాను. పెద్ద విశేషమేమీ కాదు. ఆ వడలు బాగున్నాయని మాత్రం గుర్తుంది. ఇప్పటికీ ఏడాదిలో ఒకటి రెండు రోజులు గుండె పట్టేస్తుంది. మిగిలిన రోజులు పని, మనుషులు, మా ఆయనతో పోట్లాటలు. మీకు ఆపమనీ చెప్పడం లేదు, సాగమనీ చెప్పడం లేదు. ఆ తలుపు అవతల కూడా నేల ఉందని, నేను దాని మీద నిలబడి ఉన్నానని చెబుతున్నాను, అంతే.

మీవారి "నీ ఇష్టం" సంగతి. అది నిర్లక్ష్యం కావచ్చు, కానీ నాకు అలా అనిపించడం లేదు. ఇంజెక్షన్లు పొడిపించుకున్నది మీరు కాబట్టి, వద్దంటే స్వార్థం అవుతుందని, కావాలంటే క్రూరత్వం అవుతుందని భయపడుతున్న మగవాడి మాటలా ఉంది. ఆ మాట మీ తల మీద బరువుగా మారిందని ఆయనకు తెలిసి ఉండదు. ఇద్దరూ చెరొక కాగితం తీసుకోండి, ఒకరిది ఒకరు చూడకుండా మూడు జవాబులు రాయండి. నాకు బిడ్డ కావాలా, నా రక్తం పంచుకున్న బిడ్డే కావాలా, లేక జనం అడగడం ఆగితే చాలా? మూడో ప్రశ్నకు సిగ్గుపడకుండా రాయండి. చాలామంది రెండో, మూడో ఐవీఎఫ్ దానికోసమే చేయించుకుంటారు. రాశాక ఇంట్లో కాదు, గోదావరి గట్టు మీదకో ఎక్కడికో వెళ్ళి మార్చుకొని చదవండి. వారానికి ఒక్కరోజు, ఒక గంట మాత్రమే ఈ సంగతి మాట్లాడండి. మిగిలిన ఆరు రోజులు దాని ఊసెత్తకూడదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ పని చేస్తుంది.

సీమంతానికి వెళ్ళకండి. ఏడో వారంలో బిడ్డను పోగొట్టుకొని అప్పటికి రెండున్నర నెలలైనా నిండవు. గాజులు తొడిగే వరుసలో నిలబడి ముత్తైదువుల చూపులు కాచుకోవలసిన పని లేదు. అబద్ధాలు కూడా వద్దు, జ్వరమని, బడిలో పని అని చెబితే తరువాత పట్టుబడతారు. ముందు రోజే ఆడపడుచుకు మీరే ఫోను చేయండి. "వదినా, నీకు సుఖంగా కాన్పు కావాలని మనసారా కోరుకుంటున్నాను. నాకు ఇప్పుడు అక్కడ నిలబడే శక్తి లేదు. చీర మీ అన్నయ్యతో పంపుతున్నాను." ఆమె కడుపుతో ఉంది, మిగిలిన వాళ్ళకన్నా ఆమెకే త్వరగా అర్థమవుతుంది. కుళ్ళు అనేవాళ్ళు అంటారు. వెళితే "పాపం" అంటారు. రెండింటిలో ఏది తక్కువ గుచ్చుకుంటుందో మీకు తెలుసు.

మీరు ఒంటరివారని అనుకుంటున్నారేమో, 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడిలో గరుడ ప్రసాదం తింటే సంతానం కలుగుతుందని వార్త వస్తే హైదరాబాద్ పడమటి దారులన్నీ స్తంభించిపోయాయి. నమ్మకం సంగతి పక్కన పెడదాం. ఆ ఎండలో, ఆ కార్లలో, ఆ వరుసలో ఉన్నది మీలాంటి ఇళ్ళే. "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్నకు జవాబు లేని ఇళ్ళు. ఆ ప్రశ్నకు నేను ఒక జవాబు కనిపెట్టుకున్నాను, వాడుకోండి. "విశేషం ఉంటే నేనే చెబుతాను పిన్నీ, అప్పటిదాకా మీరు మీ మోకాళ్ళ నొప్పి గురించి చెప్పండి." ఆ తరువాత అరగంట మోకాళ్ళ గురించి వినవలసి వస్తుంది, దానికి సిద్ధపడండి.

రేపు పది గంటలకు క్లినిక్‌కు ఫోను చేయండి. 14న రావడం లేదని, నిల్వ ఛార్జీ ఎంతో చెప్పమని, పూర్తి రికార్డు కోసం ఉత్తరం పంపుతున్నామని చెప్పండి. అవతల అమ్మాయి "మేడమ్, ఈ సైకిల్ మిస్ అయితే..." అని మొదలుపెడుతుంది. "సరేనమ్మా" అని పెట్టేయండి. ఆ ఫోను మీరు కాకుండా మీవారు చేస్తే ఇంకా మంచిది.